సున్నా గడి

మార్చి పన్నెండు, తూర్పు లాట్వియా. మైనస్ రెండు.
రేజెక్నె బస్సు దిగి రెండు కిలోమీటర్లు
బురదా మంచూ కలిసిన దారి.
సరస్సు ఇంకా ఒక కన్నే తెరిచింది.

ఇమాంట్స్ మైకుకి ఊలు మేజోడు తొడుగుతాడు,
వాళ్ళావిడ అల్లినది, మడమ దగ్గర చిరుగు.
నా చేతిలో పుస్తకం, చెవి వెనక పెన్సిలు.
పెన్నయితే గడ్డకడుతుంది ఇక్కడ.

హంసలు పద్నాలుగు. కాదు, ఒకటి మంచుపెళ్ళ. పదమూడు.
తీతువులు రెండు, దున్నని పొలం మీద తగువులాడుతూ.
నీటికుక్క జారిన గాడి, పక్కన చేప పొలుసులు.
బెగ్గురులు కనబడవు; అడవి అవతల
తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు ఒక్క కేక.
"విన్నాను" అని రాస్తాను, "చూశాను" అని కాదు.

నిరుటి నుంచి సన్నటి గొంతులు
ఇమాంట్స్‌కి అందడం లేదు.
ముప్ఫయ్యేళ్ళు పాల లారీ నడిపిన చెవులు.
నాతో చెప్పలేదు.
స్ప్రూస్ కొమ్మల్లో బొటనవేలంత పిట్ట
సూదిమొనతో గాలిని కుడుతుంటే
అతను చెట్టు వైపు చూడడు, యంత్రంలో ముల్లు చూస్తాడు.
ముల్లు వణికితే తలూపుతాడు
విన్నవాడిలాగే.

మునుగుడుకోడి గడిలో మూడో ఏడూ సున్నా.
ఖాళీగా వదలొద్దంటాడు:
ఖాళీ అంటే మనం రాలేదని,
సున్నా అంటే వచ్చి, కూర్చున్నామని.

ఫ్లాస్కులో టీ చల్లారింది.
నల్లరొట్టెకి పెన్సిలు పొట్టు అంటుకుంది.
"ఏమైనా ఉందా?" అడిగాడు, ముల్లు పడుకున్నాక.
మంచు కింద నీరు గుటకలు మింగుతోంది.
ఉంది, అన్నాను. ఇంకాసేపు తిరగనీ టేపు.