కాలిరాత

మనుషులకైతే తలరాత.
చెక్కుకి కాలిరాత —
అట్టడుగున తెల్లటి పట్టీ మీద
ఇనుప పొడి కలిపిన నల్ల సిరాతో.

నాంత్ నగరంలో,
నది పక్కనే ఉన్నా నది కనిపించని
రెండో అంతస్తులో
రాత్రి తొమ్మిదికి మొదలవుతుంది నా పని.
ఖాతా అంకెలు ముందే అచ్చయి వస్తాయి.
సొమ్మెంతో మాత్రం యంత్రానికి తెలీదు,
మనుషుల చేతిరాత దానికి కొరుకుడు పడదు.
నేను చదివి, మీటలు నొక్కి,
ముద్దలు కలిపి పెడతాను.

ఒక్కో అంకెకి ఏడు నిలువు గీతలు.
కొత్తలో ఆ గీతలే అంకె అనుకున్నాను.
కాదన్నాడు మెకానిక్ గ్వెనోలే,
నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ:
"గీతలన్నీ ఒకటే, సొలాంజ్.
మధ్యన ఆరు సందులున్నాయే,
ఏది ఇరుకు, ఏది వెడల్పు —
యంత్రం వినేది అదీ."

అవును, అది చూడదు.
ఒకసారి అయస్కాంతంతో నిమిరి
ఆ తర్వాత చెవి ఆనిస్తుంది.
వైన్ ఒలికినా, చేపల తడి అంటినా,
ఎవడో కోపంతో అడ్డంగా గీకినా
దానికి పట్టదు.
మడత పడిందా, పిన్ను గుచ్చిన చిల్లుందా,
మొండికేసి పక్క అరలోకి విసిరేస్తుంది.

నాకు అన్నీ పడతాయి. అదే నా జబ్బు.

ప్రతి నెలా అయిదు దాటాక
ఎర్నెస్తిన్ లె బిహన్ చెక్కు వచ్చేది,
పియానోల కొట్టు పేరున, ఎనభై ఫ్రాంకులు.
మా భాషలో ఎనభైకి వేరే మాట లేదు,
నాలుగిరవైలు అని రాయాలి.
ఆమె రాస్తే జడ అల్లినట్టుండేది,
ఒక్క పాయ జారకుండా.

శీతాకాలంలో ఇరవై వణికింది.
మార్చిలో నాలుగుకీ ఇరవైకీ మధ్య
చెయ్యి ఎక్కడో ఆగి, ఊపిరి పీల్చుకుని
మళ్లీ బయల్దేరినట్టు
సిరా ఒక చుక్కగా ఊరింది.

మే నెలలో రాత మారింది.
గుండ్రటి, కొత్త అక్షరాలు,
స్పెల్లింగులో ఒక తప్పు.
కింద సంతకం మాత్రం ఆమెదే —
సూదిలోంచి జారిపోయిన దారంలా.

ఎవరు రాశారు?
ఆ పియానో వాయించే పిల్లేనా?
ఇంకా వాయిస్తోందా, మూత వేశారా?
వెనక వరసలో చెక్కులు పేరుకుంటున్నాయి.
ఎనిమిది, సున్నా, సున్నా, సున్నా.
నా గీతలు ఏప్రిల్‌లో ఎలా ఉన్నాయో
మేలోనూ అలాగే పడ్డాయి.
యంత్రం విన్నది,
రెప్పపాటులో మింగేసింది.

జూన్‌లో నా ట్రేలోకి రాలేదు.
జులై పదిన పక్క కుర్చీలో రొజెన్‌ని అడిగాను,
"నాలుగిరవైలు నీకేమన్నా వచ్చిందా?"
తలెత్తకుండానే నవ్వింది:
"రోజుకి రెండొందలు వస్తాయి తల్లీ,
నీకెవరిది కావాలి?"