రెండు గంటల బడి

మధ్య బోస్నియాలో, నది మలుపు తిరిగే చోట మా ఊరు.
బడి కప్పు ఒక్కటే,
కప్పు కింద బళ్ళు రెండు.
గుమ్మాలు రెండు, హెడ్మాస్టర్లు ఇద్దరు,
గంట మాత్రం నా ఒక్క చేతిది.
ఎనిమిదింటికి వీళ్ళకి కొడతాను,
ఎనిమిదీ పదికి వాళ్ళకి.
పిల్లలకి పిల్లలు ఎదురుపడకుండా
పెద్దలు కట్టిన గోడ
ఆ పది నిమిషాలు.

నా పేరు షెఫీకా. ఊడ్చేదాన్ని.
జీతం సగం ఇటునుంచి, సగం అటునుంచి.

రొట్టెని వీళ్ళు హ్లెబ్ అంటారు, వాళ్ళు క్రుహ్ అంటారు.
నా మొగుడు స్త్యెపాన్ బతికున్నన్నాళ్ళూ
మా ఇంట్లో ఆ రెండూ ఒకే పొయ్యిలో పొంగేవి,
ఒకే పూట మాడేవి కూడా.
పోయాక అతన్ని కొండకి అవతల పెట్టారు.
నాకు చోటు కొండకి ఇవతల.
జనాభా లెక్కలవాడు మా అమ్మాయిని అడిగాడు,
నువ్వు ఎవరివి, అని.
కాగితం మీద చివరి గడి: ఇతరులు.
దాంట్లో టిక్కు పెట్టింది.
ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నల్లబల్లలు తుడిచేది నేనే కనక
చరిత్ర రోజూ రెండుసార్లు చదువుతాను.
స్లొబొదా, అంటే స్వేచ్ఛ,
రెండు బల్లల మీదా అవే అక్షరాలు.
ఒకచోట అది మేం తెచ్చుకున్నది,
ఒకచోట మా దగ్గర లాక్కున్నది.
తుడిచాక
నా వేళ్ళు అరగంట తెల్లగా ఉంటాయి.

నడవ మధ్యలో ఓ తలుపు.
పంతొమ్మిదేళ్ళుగా దాని పిడి తోముతున్నాను,
ఒక్కసారీ తిప్పలేదు.
తాళంచెవి నా నడుముకే ఉండేది.
నిప్పంటుకుంటే తియ్యమని
సంతకం పెట్టించుకుని ఇచ్చారు.
చలి సంగతి అందులో రాయలేదు.

జనవరిలో ఓ మంగళవారం
వాళ్ళ వైపు బాయిలర్ చచ్చిపోయింది.
కిటికీ అద్దాలకి లోపలివైపు మంచు.
చిన్న తరగతి పిల్లలు పెన్సిలు పట్టుకోలేక
చేతులు చంకల్లో దోపుకుని కూర్చున్నారు.
నీకెంత ధైర్యం, అని తర్వాత చాలామంది అన్నారు,
కొందరు మెచ్చుకుంటూ, కొందరు పళ్ళు కొరుకుతూ.
ధైర్యం కాదు. మోకాళ్ళు వణికాయి,
చలికో భయానికో ఇప్పటికీ తేల్చుకోలేను.
తాళం మొరాయించింది.
భుజంతో తోశాను.

వాళ్ళు వరసగా వచ్చి వేడి గొట్టాల పక్కన నిలబడ్డారు.
వీళ్ళు తరగతుల్లోంచి తొంగిచూసి
ఒక్కొక్కరే బయటికొచ్చారు.
ఇటు గోడకి కొందరు, అటు గోడకి కొందరు,
మధ్యన బారెడు గచ్చు.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
బూట్ల మీది మంచు కరిగి
నీళ్ళు మెల్లిగా మధ్యకి వచ్చాయి.
అంతలో డొమాగోయ్ పెద్దగా తుమ్మాడు.
అవతలి గోడ నుంచి నైదా, ఆలోచించకుండానే,
నాజ్‌ద్రావ్లె అంది.
చిరంజీవ, అన్నట్టు.
ఆ మాట రెండు వైపులా ఒకటే.

అంతే. చేతులు కలపలేదు, పాటలు పాడలేదు.
ఎవరో కిసుక్కుమన్నారు,
అది మిగతావాళ్ళకి జలుబులా అంటుకుంది.

మర్నాడు ఇద్దరు హెడ్మాస్టర్లూ ఒకే గదిలో కూర్చున్నారు,
నేను చూడగా అదే మొదటిసారి.
సంజాయిషీ రాయమన్నారు.
ఏ భాషలో, అని అడిగాను.
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
'చలిగా ఉండింది' అని రాశాను.
ఇద్దరికీ అర్థమైంది.
అదే వాళ్ళ కోపం.

తాళంచెవి లాక్కున్నారు. తాళం మార్చారు.
మూడు నెలలు సగం జీతం ఆపారు,
ఏ సగమో చెప్పను.

ఇప్పటికీ ఎనిమిదింటికి ఒకసారి,
ఎనిమిదీ పదికి ఒకసారి కొడుతూనే ఉన్నాను.
శుక్రవారం అందరూ వెళ్ళాక
ఆ తలుపు మడతబందులకి నూనె వేస్తాను.
వెయ్యమని ఎవరూ చెప్పలేదు.
వెయ్యొద్దని చెప్పడం మరిచిపోయారు.