రెండు కప్పులు

బమాకోలో గెలిచిన కప్పు
పైన ఇత్తడి రంగు, లోపల డొల్ల.
బస్సులో పదమూడు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.
మా అత్త యాసిగి అటూ ఇటూ తిప్పి చూసి
అందులో ఉల్లి విత్తనాలు పోసుకుంది.

వక్తృత్వ పోటీల్లో నేర్చుకున్నవి చెబుతాను.
ఎదుటివాడు మాట్లాడుతుంటే కాగితం మీద
రాసుకోవాల్సింది వాడి మాట కాదు,
మాటలోని చిల్లు.
వాడు ఊపిరి పీల్చుకునే సందులో దూరాలి.
గంట మోగేలోగా మూడు కారణాలు,
మూడోది కత్తిలా దిగాలి.
ఒకసారి నేను నమ్మని పక్షాన నిలబడి
నమ్మినవాణ్ణి ఓడించాను.
తర్వాత మెట్ల దగ్గర నీళ్లు తాగుతూ
"నాకు నిజంగానే అలా అనిపిస్తుంది" అన్నాడతను.
నవ్వి చేయి కలిపాను.
మాట కలపలేదు.

మా ఊరి కప్పు వేరు.
కొండచరియ అంచున రాతి స్తంభాలు,
వాటి మీద ఎనిమిది వరసల సజ్జచొప్ప.
మనిషి ఎత్తుకు సగం.
ఎంతటివాడైనా వంగి దూరాల్సిందే,
దూరాక కూర్చోవాల్సిందే.

ఆనకట్ట నీళ్ల దగ్గర తగాదా.
పొద్దుటి వంతు మా ఉల్లిమడులకా, డోమో వాళ్ల మడులకా?
ముందు పలకరింపులు.
ఇల్లు ఎలా ఉంది? సేవో.
ఇంట్లో వాళ్లు? సేవో.
అమ్మ మోకాలు? సేవో.
కాలవ గట్టు మీద పలుగులెత్తిన ఇద్దరూ
ఒకరి మేకల క్షేమం ఒకరు అడుగుతున్నారు.
నాకు ఒళ్లు మండింది.
ఇక్కడ గంట కొట్టేవాడెవడూ లేడా!

నా వంతు వచ్చింది.
మొదటి కారణం కూర్చునే చెప్పాను.
రెండోది మోకాళ్ల మీద.
మూడోదానికి లేచాను.

దూలం నడినెత్తిన తగిలింది.
చుక్కలు, చొప్పలోంచి దుమ్ము,
డోమో ఒళ్లో పడ్డ బల్లి.
కప్పు కింద కప్పు కింద నవ్వులు.
అప్పటిదాకా కునుకు తీస్తున్న అంబాయెరె తాత కళ్లు తెరిచి
"మీ నాన్నకూ అక్కడే తగిలింది" అన్నాడు.
తడిమి చూశాను.
ఆ చోట దూలం నున్నగా ఉంది.

తల పట్టుకుని కూర్చుంటే
డోమో మాట్లాడాడు.
నీళ్ల గురించి కాదు.
వానలకు ముందు గాడిద చచ్చిపోయిన సంగతి.
సొరబుర్రతో తడి మోస్తున్న కూతురి సంగతి.
ఎండెక్కాక వంతు వస్తే
ఆ పూట దానికి బడి లేనట్టే.
అలవాటు కొద్దీ చిల్లులు లెక్కపెట్టాను. నాలుగు.
నాలుగో చిల్లులోంచి చూస్తే
ఆ పిల్ల కనిపించింది,
మెడ బిగబట్టి, నెత్తిన నీళ్లు తొణక్కుండా నడుస్తూ.

అప్పుడు నా నోటివెంట
ఆ మూడు కారణాల్లో లేని మాట వచ్చింది.
"మా అన్నకు రేచీకటి.
పొద్దు వాలాక గట్టు కనిపించదు."
ఇది ఊళ్లో ఎవరికీ చెప్పలేదు మేము.
చెప్పాక
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఆ మౌనంలోకి ఎవరూ దూరలేదు కూడా.

వంతు తేలలేదు.
మళ్లీ ఎల్లుండి అన్నారు.
ఎవరు గెలిచారని తమ్ముడు అడిగితే
బొప్పి చూపించాను.

ఆడవాళ్లకు ఆ కప్పు కింద చోటు లేదు.
రాత్రి బొప్పి మీద షియా వెన్న రాస్తూ
అత్త అంది:
"డోమో పెళ్లామూ నేనూ
రోకళ్ల దగ్గర పోయిన వారమే అనుకున్నాం ఈ సంగతి.
మీరెవరూ అడగలేదు."

"ఏమనుకున్నారు?"

జవాబు చెప్పకుండా వేళ్లు తుడుచుకుంది.
గూట్లో బమాకో కప్పు.
విత్తనాలు సగానికి తగ్గాయి.
విత్తే రోజులింకా రాలేదు.