పాలరాపు గుట్ట కాడ

కాగజ్‌నగర్ నుంచి జీపుల బయలెల్లినం.
సర్వపిండి డబ్బా, ఒక్కటే దుర్బిన్, ఐదుగురం.

"గుట్టకు సున్నమెవరేసిండ్రు?" అడిగింది చిన్నది.
వాచర్ తొడసం జంగు నవ్విండు:
"ఏండ్ల సంది పడ్డ రెట్ట, బిడ్డా."

మా అత్త దిగలే.
పీనుగులు తినేదాన్ని చూసుడేందని
జీపులనే కొంగు కప్పుకున్నది.

పెద్దవాగు మీంచి గాలి లేచింది.
రాతి అంచున, ఇంకా బూరు రాలని రాబందు పిల్ల
నోరు తెరిచింది. తల్లి వంగి
కడుపులది కక్కి పెట్టింది.

దుర్బిన్ చేతులు మారింది,
నాదాకా రాలే.
వెనక్కి చూస్తే అత్త చేతుల ఉన్నది.
ఎప్పుడు దిగిందో.

"మా బర్రె సచ్చిననాడు మబ్బోలె దిగినయి.
గంటల బొక్కలే మిగిలినయి.
గిప్పుడు ఒక్కటే పిల్లనా?"

"ఏడాదికొక్కటే గుడ్డమ్మా" అన్నడు జంగు.

అత్త దుర్బిన్ ఇయ్యలే.