లోపలి మడత

పది మీటర్లంట.
కేజీహెచ్ వరండాలో నేల మీద
ఇక్కడో ఎర్ర గీత, అక్కడో ఎర్ర గీత.
ప్రవల్లికమ్మ గడియారం నొక్కింది.
"మామూలుగా నడవండి మాస్టారూ."

మామూలంటే ఏమిటో
నలభై రెండేళ్ళుగా నా కాళ్ళకి తెలుసు,
నాకెప్పుడూ చెప్పలేదు.
పూర్ణా మార్కెట్ వెనక సందులో
మిషన్ కింద ఇనప పలక మీద
మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు.
పోర్టు కళాసీల ఖాకీ నిక్కర్లు,
బడిపిల్లల పావడాలు, పెళ్ళివారి గలేబులు...
కూర్చున్న చోటినుంచే
ఇచ్ఛాపురం దాకా ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో.

ఆ రోజు కూడా చేతిలో గుడ్డే ఉంది.
కుట్టు వంకర పోతోందని దారాన్ని తిట్టాను.
వంకర పోయింది నేనని
దాలినాయుడు నా మూతి చూసి కనిపెట్టాడు.

"ఇరవై ఆరు సెకన్లు" అంది.
జాలి లేకుండా అంది. అందుకే నచ్చింది.

కొలవడం నాకూ వచ్చు గనక చూస్తున్నాను:
ఎడం కాలు తిన్నగా రాదు.
తుంటి ఎగరేసి, పక్కనించి గుండ్రంగా,
జాకెట్టుకి చంక కత్తిరించినట్టు
గాలిని కోసుకుంటూ వస్తుంది.
మడమ ఆనాల్సిన చోట వేళ్ళు ఆనతాయి.
చెప్పు ముందు కొస అరిగిపోయింది,
మడమ వైపు ఇంకా కొట్లో ఉన్నట్టే ఉంది.
కుడి కాలికేమో తొందర.
ఎడమదాని మీద ఒళ్ళంతా వదలాల్సిన
ఆ అరక్షణం దానికి నమ్మకం లేదు.
తెలియని మనిషికి కొట్టు తాళాలిచ్చి
వీధి మలుపు కూడా తిరక్కుండా వెనక్కొచ్చినట్టు
లేచీ లేవకుండానే దిగిపోతుంది.

ప్రవల్లికమ్మ ఫోనులో టిక్ టిక్ పెట్టి
ఆ చప్పుడుకి అడుగెయ్యమంది.
గోడ గడియారం దగ్గర నడక నేర్చుకోడం
నా వల్ల కాలేదు.
దాలినాయుడు కొట్లో నా మిషన్ తొక్కి
ఆ చప్పుడు ఫోనులో పట్టి తెచ్చాడు.
కొంచెం వేగం ఎక్కువ, కుర్రాడు కదా.
మధ్యలో దారం తెగింది, ఓ బూతు కూడా ఉంది దాన్లో.
వరండా అంతా నవ్వింది.
నా కాలు నవ్వలేదు. విన్నది.
పంతొమ్మిది.

ఆ పంతొమ్మిదిని జేబులో వేసుకుని
కేజీహెచ్ డౌన్ దిగాను.
ఎక్కడం కన్నా దిగడమే కష్టమని
ఈ కొండల ఊళ్ళో పుట్టి
అరవై మూడేళ్ళకి తెలిసింది.
జగదాంబ సెంటర్లో పైడమ్మ నా ఎడం పక్కన,
పట్టుకోకుండా, పట్టుకునేంత దూరంలో.
రోడ్డు పద్నాలుగు మీటర్లుంటుంది.
దీపం ఇచ్చేది ఇరవై సెకన్లు.
నాకు కావాల్సింది ఇరవై ఏడు.

పిల్లల బట్టలకి
లోపల రెండంగుళాలు మడిచి వదిలేవాణ్ణి,
ఏడాది తిరిగేసరికి పిల్ల ఎదుగుతుంది,
కుట్టు విప్పి దింపుకోవచ్చని.
ఈ దీపం కుట్టినవాడెవడో
లోపల మడత వదల్లేదు.

"ఏటి సూస్తన్నావు, పద" అంది పైడమ్మ.

సగంలో సున్నా పడింది.
ఆటోలు గుర్రుమన్నాయి.
ఇరవై ఎనిమిదో నంబరు బస్సు డ్రైవరు
హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కలేదు.
ఎందుకో తెలీదు, నా మొహం కూడా చూళ్ళేదు,
నోట్లో కిళ్ళీ సర్దుకుంటున్నాడు.
మడమ, మునివేళ్ళు.
మడమ... వేళ్ళే తగిలాయి, సరే, మునివేళ్ళు.
అవతలి గట్టు.
వెనక ఊరు ఒక్కసారిగా కదిలిపోయింది.

ఇంటికొచ్చి
పాంటు ఎడం కాలు అరంగుళం పైకి మడిచాను,
వేళ్ళకి తట్టుకోకుండా.
గుడ్డ జారకుండా ఇస్త్రీపెట్టె బరువు పెట్టి
ఒంటి చేత్తో చేతికుట్టు వేశాను.
కత్తెర వెయ్యలేదు. లోపలికే మడిచాను.

మర్నాడు కొలతలకొచ్చిన కుర్రాడు
కిందికి చూసి ఆగాడు.
"మాస్టారూ, మీ పాంటే ఎగుడుదిగుడుగా ఉందే!"

కొలత ప్రకారమే కుట్టానన్నాను.