నాలుగు పాయింట్ ఒకటి

"అంతా నార్మల్" అంది ఫోన్లో అమ్మాయి
పుట్టినరోజు కేకు పంచుతున్నట్టు.
"గుడ్ న్యూస్, మిసెస్ సువార్తా!"
నవ్వొచ్చింది. నా పేరుకి అర్థం అదేనని
పాపం ఆమెకేం తెలుసు.

హల్ ఊళ్ళో, హెస్సెల్ రోడ్డు మీద మా కొట్టు.
జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం,
క్రిస్మస్ తర్వాత వచ్చినవాళ్ళకి
నడుం దగ్గర అంగుళం వదలడం.
పదకొండేళ్ళుగా మెడలో టేపు.
కొలతల సంగతి ఒకరు నాకు చెప్పక్కర్లేదు.

అయినా కాగితం అడిగి తెచ్చుకున్నాను.
టీఎస్‌హెచ్, నాలుగు పాయింట్ ఒకటి.
పక్కనే హద్దు: నాలుగు పాయింట్ రెండు దాకా.
గడప మీద ఒక కాలు వేసి
లోపలే ఉన్నానంటున్న అంకె.

మొదటేడు నర్సు ఫియోనా బొమ్మ గీసి చెప్పింది:
తలలో బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంది,
మెడలో ఉన్నదాన్ని పనికి పిలుస్తుంది.
అది పలక్కపోతే గొంతు పెంచుతుంది.
ఈ అంకె ఆ కేక ఎంత గట్టిదో చెబుతుంది, అంతే.
అంటే నా లోపల ఎవరో
పొద్దస్తమానం అరుస్తూనే ఉన్నారు.
పక్కింటివాళ్ళు తలుపు తట్టడానికి మాత్రం
ఇంకో రెండు గీతలు తక్కువ.

ఐదున్నరకి మాత్ర. మినపబద్దలో సగం ఉంటుంది.
దాని తర్వాత అరగంట దాకా టీ తాగకూడదు.
కెటిల్ వైపు చూస్తూ కూర్చుంటాను,
రెండు స్వెట్టర్లు, కాళ్ళకి సంపూర్ణరావు సాక్సులు,
మే నెలలో.
స్నానాల గది జాలీకి చుట్టుకున్న జుట్టు తీస్తే
ఒక బాబిన్ నిండుతుంది.
కనుబొమ్మల చివర్లు ఎవరో కుట్టు విప్పినట్టు పోయాయి.
మొన్న చేతిలో చాక్‌పీసు పట్టుకుని
చాక్‌పీసు కోసం కొట్టంతా వెతికాను.
మెట్ల మధ్యలో కూర్చుండిపోతే
"ఏమైంది?" అన్నాడాయన పైనుంచి.
"ఏం లేదు. నార్మల్."

కొన్ని రోజులు బాగానే ఉంటాను.
అదే ఇంకా ఇబ్బంది. ఆ రోజుల్లో
నా మీద నాకే అనుమానం.
వయసేమో. హంబర్ మీంచి వచ్చే ఆ బూడిదరంగు గాలేమో.
బద్ధకానికి మందుల షాపు పేరు పెట్టుకున్నానేమో.

నిన్న బెవర్లీ నుంచి ఒక పెళ్ళికూతురు వచ్చింది.
గౌనుకి టేపు పెట్టాను. ఛాతీ సరి, నడుం సరి,
భుజాలు సరి. రాసుకున్నదానికి
దారప్పోగంత తేడా లేదు.
"చెయ్యెత్తమ్మా" అన్నాను.
ఎత్తలేకపోయింది.
"సారీ" అంది,
తప్పు తన ఒంటిదైనట్టు.

ఆ సారీ నాకు తెలుసు.
డాక్టరు గదిలో కోటు తొడుక్కుంటూ
నేను చెప్పి వచ్చేది అదే.

ఆమెకి నా పుస్తకం తెరిచి అంకెలు చూపించలేదు.
చంక కింద కుట్టు విప్పాను,
అరంగుళం వదిలాను.
ఎత్తు. ఇంకా. ఇప్పుడు?

రాత్రి అదే పుస్తకం వెనక అట్ట మీద
పాత రిపోర్టులు వరసగా దించాను.
ఒకటి పాయింట్ ఆరు: ఆ ఏడు విట్బీ కొండకి
నూట తొంభై తొమ్మిది మెట్లూ ఎక్కాను,
పైన చిప్స్ కూడా తిన్నాను.
రెండు పాయింట్ తొమ్మిది: జుట్టు మొదలు.
నాలుగు పాయింట్ ఒకటి: ఇంట్లో పదమూడు మెట్లు,
ఏడో మెట్టు మీద నేను.
అన్నీ హద్దు లోపలివే. నా ఒంటి కొలత ఒక్కటే.

మాత్ర పెంచమని అడగబోవడం లేదు.
పెంచాలో వద్దో నాకేం తెలుసు,
ఐరన్ తక్కువేమో, ఇంకేదైనానేమో.
ఒకసారి కాగితం పక్కన పెట్టి
నన్ను చెయ్యెత్తమనండి, చాలు.

పొద్దున్న ఎనిమిదింటికి క్లినిక్కి ఫోన్ చేశాను.
పియానో మోత. తర్వాత ఎవరిదో ఇస్త్రీ చేసిన గొంతు:
మీరు వరసలో పదిహేడోవారు.
నోట్లో గుండుసూదులు, భుజానికీ చెవికీ మధ్య ఫోను.
వంతొచ్చేలోగా సూదులు తీసెయ్యాలి,
లేకపోతే మళ్ళీ సగం మాటలే చెబుతాను.

పదహారు.
పోనీలే, ఈ అంకె ఒకటైనా
తగ్గుతోంది.