పన్నెండు పేర్లు

మతీన్ సాబు ఫారం తెచ్చిన దినం
జేసీబీ బకెట్టు మీదనే పరిచి రాసినం.
ఎంత లోతు?
పదకొండు ఫీట్లు.
ఏం మట్టి?
దానికి ఫారంల ఇచ్చిన జాగ ఇంచున్నర.
పైన నల్లరేగడి, దాని కింద సుద్ద,
సుద్ద కింద మొరం,
నడుమ ఎవలిదో పాత నల్లా పైపు
పదేండ్ల సంది కారుకుంట ఉన్నది.
ఇదంత ఇంచున్నరల ఎట్ల పడ్తది?
"మెత్తది" అని రాసిండు.

కూలోళ్లు?
పన్నెండు మంది. నేను చెప్పిన, ఆయన రాసిండు.
పన్నెండో పేరు కుర్మయ్య.
పాలమూరోళ్లే గదా, అన్నడు నవ్వి,
తవ్వుడు మీకు కొత్తనా?

కొత్తదే సాబూ.
మా నాయిన పేరు తెల్వని డ్యాములకు మట్టి మోసిండు,
తాను తాగని కాల్వలు తవ్విండు,
ఏ కాయితం మీదా లేడు.
సొంతూర్ల, మన బజార్ల,
మన మోరీ కోసం మనమే దిగుడు
ఇదే మొదలు.

ఆఖరుకు అడిగిండు:
గోడలకు పలకల దన్ను పెడ్తున్నరా?
పెడ్తున్నం అన్న.
పలకలున్న మాట అబద్ధం గాదు.
నలభై కొన్న.
షాసాబ్‌గుట్ట కాడ ఒకాయన స్లాబు కింద ఉన్నయి,
కిరాయికి.

ఆ దినం కుర్మయ్యకు జెరమొచ్చింది.
బామ్మర్ది మాసయ్యను తోలిండు.
కొత్త పేరు ఎక్కిస్తే మళ్ల ప్రీమియం,
కుర్మయ్య పేరు ఎదురుంగనే టిక్కు పెట్టిన.
మాసయ్య చూసిండు.
"అయితే ఇయ్యాల మా బావ సద్ది నాదే"
అనుకుంట నిచ్చెన దిగిండు.

మట్టి కూలితే సప్పుడు రాదు.
గోడకు ముందుగాల వెంట్రుకంత గీత.
చెన్నమ్మ చూసింది.
"ఓ పిలగా" అన్నది.
ఆ మాట నోట్లకెల్లి పూర్తిగ వెళ్లక ముందే
గుంత నిండి,
తవ్వక ముందు ఎట్లుండెనో అట్లున్నది.

జేసీబీ పెట్టొద్దని మొత్తుకున్న.
పారలతోని, తట్టలతోని, చేతులతోని,
సద్ది గిన్నె మూతతోని తోడినం.
నల్లరేగడి, సుద్ద, మొరం.
అదే వరుస.

రెండో దినం రాత్రి కుర్మయ్య వచ్చి గడపల కూసున్నడు.
జెరం ఇంకా ఇడవలే.
"నేనే సచ్చిన్నని రాయి అన్నా.
పైసలు నా పెండ్లాం పేరు మీద వస్తయి,
తమ్ముని పిల్లలకు ఇయ్యకుంటదా?
నాదేముంది, రేషను పోతది, ఓటు పోతది.
మళ్ల యాడికన్న దేశం పోత,
ఆడ పేరెవడడుగుతడు?"
నేను ఊ అనలే, ఉహూ అనలే.

తెల్లారి సర్వేయరు వచ్చిండు.
లోతు కొలవాలె, ఈ కొస పట్టు అని
ఎవలో తెల్వక కుర్మయ్యకే టేపిచ్చిండు.
కాయితం లెక్కన సచ్చినోడు
టేపు కొస పట్టుకొని
గుంత ఒడ్డుకు నిలబడ్డడు.

పలకలేవి? అన్నడు సర్వేయరు.
కుర్మయ్య నా దిక్కే చూస్తున్నడు.
చెప్పిన.
పలకలు ఏ స్లాబు కింద ఉన్నయో,
పన్నెండో టిక్కు ఎవనిదో.
మంచోణ్ణని కాదు.
ఇంకొకన్ని గూడ పూడ్చనీకె చేతులు రాలే.
ఆయన పెన్ను మూసి
చాన సేపు గుంతలకే చూసిండు.

క్లెయిము వాపసొచ్చింది. కేసు నడుస్తున్నది.
జేసీబీ అమ్మిన.

ఇప్పుడా బజారుకు సిమెంటు పడ్డది.
ఆటో పోయినప్పుడల్లా మూత టక్కుమంటది,
మా ఇంట్లకు ఇనిపిస్తది.
ఒకటో తారీకు కుర్మయ్య వస్తడు.
మాసయ్య పెండ్లానికని నేనిచ్చిన కిస్తు
రెండుమార్లు లెక్కపెట్టి, రుమాలుల కట్టి
నోటుబుక్కుల దస్కతు పెడ్తడు.
ఆయనకు రాయొచ్చిన పేరు
ఒక్క ఆయనదే ఉండె.
తొలి నెల తప్పు పడ్డదనుకున్న.
నెలనెలా గంతే,
వొంకర టింకర, అచ్చరం అచ్చరం ఒత్తి పట్టి
మాసయ్య
అని రాస్తడు.
నేను దిద్దను.